పథకంలో వికలాంగులకు నిజంగా చోటు దొరికిందా? తేల్చుకోవడం ఎలా

అభివృద్ధి కార్యక్రమాల నివేదికలు తిరగేస్తుంటే చాలావాటిలో ఒకేలాంటి ఫొటో కనిపిస్తుంది. వీల్‌చైర్‌లో కూర్చున్న ఒక మనిషి, ఒళ్ళో ఏదో కిట్టు, పక్కన నిలబడిన సిబ్బంది. కింద ఒక వాక్యం: ‘వికలాంగులను కూడా భాగస్వాములను చేశాం.’ మిగతా పేజీలన్నీ తిప్పి చూడండి, ఆ మనిషి మళ్ళీ ఎక్కడా కనిపించడు. ఆ కిట్టు అతనికి పనికొచ్చిందా, అది ఇవ్వాలని ఎవరు నిర్ణయించారు, అతనిలాంటివాళ్ళు ఎంతమంది అసలు గుమ్మం దాకా కూడా రాలేకపోయారు అన్న ప్రశ్నలకి జవాబు ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన లెక్క ప్రకారం చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నవాళ్ళు దాదాపు 130 కోట్ల మంది, అంటే ప్రపంచ జనాభాలో 16 శాతం. ప్రతి ఆరుగురిలో ఒకరు. అయినా 2000 తర్వాత పదిహేనేళ్ళ పాటు ప్రపంచమంతా వెంటపడిన ఐక్యరాజ్యసమితి 8 సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యాల్లో వికలాంగుల ఊసే లేదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం ఆ ధోరణిని మార్చింది. అంతర్జాతీయ అభివృద్ధి కార్యక్రమాల్లో వికలాంగులకు చోటుండాలని, అవి వాళ్ళకి అందుబాటులో ఉండాలని దాని 32వ అధికరణ చెబుతుంది. 2015 నాటి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు వాళ్ళను పేరు పెట్టి ప్రస్తావించాయి. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టు పత్రంలోనూ ‘అందరినీ కలుపుకుని’ అన్న మాట ఉంటుంది. ఆ మాట నిలబడిందో లేదో చూడటమే, కార్యక్రమాన్ని మూల్యాంకనం చేసే మీ పని.

ఈ పనిలో నేను నేర్చుకున్న అసలు సంగతి ముందే చెప్పేస్తాను. హాజరుపట్టీలో ఉన్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టకండి, లేనివాళ్ళ దగ్గర మొదలుపెట్టండి. లబ్ధిదారుల జాబితా అంటే వచ్చినవాళ్ళ జాబితా. అడ్డంకి ఎక్కడుందో వచ్చినవాళ్ళకి కొంతే తెలుస్తుంది. మొత్తం తెలిసేది రాలేనివాళ్ళకి.

1. ఒప్పుకునే ముందే ప్రశ్నలు రాయించుకోండి

మూల్యాంకనంలో ఏం చూడాలో చెబుతూ టీఓఆర్ అని ఒక పత్రం ఇస్తారు కదా, అందులో ‘వికలాంగుల అంశాన్ని కూడా పరిశీలించాలి’ అని ఒక్క ముక్క ఉంటే చాలదు. ఆ ‘కూడా’ ఉన్నచోట చివర్లో ఒక పేరా మాత్రమే మిగులుతుంది. సంతకం పెట్టేలోపే కూర్చుని మాట్లాడి, కింది ప్రశ్నలు స్పష్టంగా చేర్పించండి: ఎవరు రాగలిగారు, ఎవరు రాలేకపోయారు, ఎందుకు? వచ్చినవాళ్ళకి మిగతావాళ్ళతో సమానంగా ఫలితం దక్కిందా? నిర్ణయాలు జరిగిన చోట వాళ్ళ మాట చెల్లిందా? ఈ కార్యక్రమం వల్ల ఎవరికైనా చెడు జరిగిందా?

సంపన్న దేశాల కూటమి ఓఈసీడీకి చెందిన అభివృద్ధి సహాయ కమిటీ 1991లో 5 మూల్యాంకన ప్రమాణాలు పెట్టింది, 2019లో పొందిక అనే ఆరోదాన్ని చేర్చింది. సందర్భోచితత (అవసరానికి తగినదేనా), పొందిక (మిగతా కార్యక్రమాలతో కుదురుతుందా), ప్రభావశీలత (అనుకున్నది సాధించిందా), సమర్థత (వనరుల్ని సరిగ్గా వాడిందా), దీర్ఘకాలిక ప్రభావం, నిలకడ. చాలామంది ఈ ఆరింటినీ మామూలుగా రాసేసి, వైకల్యానికి వేరే అధ్యాయం పెడతారు. అలా చేయకండి, ఆరింటిలోనూ అడగండి. ముఖ్యంగా సమర్థత దగ్గర జాగ్రత్తగా ఉండాలి. తలకి ఎంత ఖర్చయిందన్నదే కొలబద్ద అయితే, సైగల భాష అనువాదకుడిని పెట్టిన ప్రాజెక్టు దండగగా కనిపిస్తుంది. బధిరులను పూర్తిగా వదిలేసిన ప్రాజెక్టు మాత్రం పొదుపుగా కనిపిస్తుంది. ఒకరిని వదిలేయడం వల్ల మిగిలిన డబ్బుని పొదుపు అనకూడదు. ఈ మాట నివేదికలో నేరుగా రాయండి.

2. మీ బృందంలో ఎవరున్నారు?

మూల్యాంకనం చేసే బృందంలోనే వైకల్యం ఉన్నవాళ్ళు ఉండాలి. సలహాదారుగా ఒక పూట పిలిచి శాలువా కప్పి పంపడం కాదు. ప్రశ్నలు తయారు చేయడం దగ్గర్నుంచి తీర్పు రాయడం దాకా పాల్గొనాలి, మీకిచ్చే లెక్కనే వాళ్ళకీ డబ్బు ఇవ్వాలి. చూపులేని సర్వేయర్ ఇంటికి వస్తే, ఇన్నాళ్ళూ లోపలి గదిలో ఉండిపోయిన చూపులేని అమ్మాయిని బయటికి పిలవడం నేను కళ్ళారా చూశాను. నేను వెళ్ళినప్పుడు అదే ఇంట్లో ‘అలాంటివాళ్ళు ఎవరూ లేరు’ అన్నారు.

ఎవరిని సంప్రదించాలన్న దగ్గర ఒక తేడా గుర్తుంచుకోండి. వికలాంగులు తామే నడుపుకునే సంఘాలు వేరు, వికలాంగుల కోసం పనిచేసే సంస్థలు వేరు. హక్కుల ఒప్పందాన్ని పర్యవేక్షించే కమిటీ 2018లో ఇచ్చిన 7వ సాధారణ వ్యాఖ్యలో ఈ తేడాని విడమర్చి చెప్పింది, మొదటి రకం సంఘాలకే ప్రాధాన్యం ఇవ్వాలంది. అయితే సంఘంతో మాట్లాడేశాం కాబట్టి పని అయిపోయిందని కూడా అనుకోకండి. చాలా సంఘాల్లో ముందు వరసలో ఉండేది మగవాళ్ళు, అందులోనూ కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్న చదువుకున్నవాళ్ళు. మేధో వైకల్యం ఉన్నవాళ్ళు, మానసిక అనారోగ్యంతో బతుకుతున్నవాళ్ళు, చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ళు, ఇల్లు దాటని ఆడవాళ్ళు ఆ కుర్చీల్లో సాధారణంగా కనిపించరు. ‘మీ సంఘంలో ఎవరు లేరు?’ అని సంఘాన్నే అడగండి. నిజాయితీగల నాయకులు వెంటనే చెబుతారు.

బడ్జెట్ కూడా ఇప్పుడే వేసుకోవాలి. సైగల భాష అనువాదకులు కనీసం ఇద్దరుండాలి, ఎందుకంటే ఒక్కరే గంటల తరబడి చేస్తే తప్పులు పడతాయి. ఇరవై, ముప్పై నిమిషాలకోసారి మారుతుంటారు. సహాయకుల ప్రయాణ ఖర్చులు, బ్రెయిలీ ప్రతులు, సులభ భాషలో బొమ్మలతో చేసిన పత్రాలు అన్నీ అందులోకి రావాలి. వీటన్నిటికంటే ముఖ్యం సమయం. రోజుకి ఎనిమిది ఇంటర్వ్యూలు చేయడం మీకు అలవాటైతే ఇక్కడ నాలుగే వేసుకోండి.

3. కాగితాలు చదవండి, బడ్జెట్ మొదట

ప్రాజెక్టు పత్రంలో ఆశయం రాస్తారు, బడ్జెట్‌లో మాత్రం నిజం బయటపడుతుంది. అందుబాటు కోసం, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి చేసే వెసులుబాట్ల కోసం విడిగా ఒక పద్దు ఉందా? ఉంటే అందులో ఎంత ఖర్చయింది? సంవత్సరం చివర్లో ఆ పద్దులో డబ్బు మిగిలిపోయి ఉంటే, అవసరం లేక మిగల్లేదు, ఎవరినీ అడగక మిగిలింది. దాదాపు ప్రతిసారీ ఇదే తేలుతుంది.

తర్వాత కార్యక్రమం ఏ దారిలో నడిచిందో చూడండి. ఈ రంగంలో జంట మార్గాల పద్ధతి అంటారు. ఒక మార్గం, అందరి కోసం పెట్టిన సేవనే వికలాంగులు కూడా వాడుకునేలా మార్చడం. రెండోది, వాళ్ళకే ప్రత్యేకంగా అవసరమైనవి ఇవ్వడం: వినికిడి యంత్రం, సైగల భాష నేర్పడం, వ్యక్తిగత సహాయకుడు. రెండోది మాత్రమే ఉంటే వాళ్ళు పక్కగదిలోనే ఉండిపోతారు. మొదటిది మాత్రమే ఉంటే తలుపు తెరిచే ఉంటుంది కానీ అక్కడిదాకా వచ్చే సాధనం ఉండదు.

కొన్ని పత్రాల్లో వైకల్య మార్కర్ అని 0, 1, 2 అంకెల్లో ఒకటి కనిపిస్తుంది. ఓఈసీడీ కమిటీ 2018లో ప్రవేశపెట్టింది. వైకల్యం ఉన్నవాళ్ళ చేర్పే ముఖ్య ఉద్దేశమైతే 2, ముఖ్య ఉద్దేశం కాకపోయినా చెప్పుకోదగ్గదైతే 1, రెండూ కాకపోతే 0. ఆ అంకె చెప్పేది ఉద్దేశాన్ని, జరిగినదాన్ని కాదు. 2 పడిందని మురిసిపోయి ఫలితాల అధ్యాయంలో దాన్ని సాక్ష్యంగా రాసిన నివేదికలున్నాయి. మీరు ఆ పొరపాటు చేయకండి.

4. లెక్క తేల్చండి, కానీ ‘వికలాంగులున్నారా’ అని అడక్కండి

ఒక ఇంట్లో సర్వే చేస్తూ ‘మీ ఇంట్లో వికలాంగులు ఎవరైనా ఉన్నారా అండీ?’ అని అడిగాడు మా కుర్రాడు. ‘లేరండీ’ అన్నారు ఇంటాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన పక్కనే వాళ్ళమ్మగారు మంచం మీద కూర్చుని, చెప్పుల కోసం కాలితో నేలంతా తడుముతున్నారు. ఆమెకి చూపు దాదాపు పోయింది. ఇంట్లోవాళ్ళ దృష్టిలో అది వైకల్యం కాదు, పెద్దతనం. ఆయన అబద్ధం చెప్పలేదు, మా ప్రశ్నే తప్పు.

అందుకే వాషింగ్టన్ గ్రూపు ప్రశ్నలు వాడాలి. 2001లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆధ్వర్యంలో ఏర్పడిన బృందం అది. వాళ్ళ చిన్న ప్రశ్నావళిలో ఉన్నవి ఆరే. కళ్ళజోడు పెట్టుకున్నా చూడటానికి ఇబ్బందా? వినికిడి యంత్రం వాడినా వినడానికి ఇబ్బందా? నడవడానికి, మెట్లెక్కడానికి? గుర్తుపెట్టుకోవడానికి, మనసు నిలపడానికి? స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి సొంత పనులకి? తాను చెప్పేది ఎదుటివాళ్ళకి అర్థమవడానికి, వాళ్ళు చెప్పేది తనకి అర్థమవడానికి? ఒక్కోదానికి జవాబులు నాలుగు: ఇబ్బందేమీ లేదు, కొంచెం ఇబ్బంది, చాలా ఇబ్బంది, అసలు చేయలేను. ఆరింటిలో ఏ ఒక్కదానికైనా ‘చాలా ఇబ్బంది’ లేదా ‘అసలు చేయలేను’ అంటే ఆ మనిషిని లెక్కలోకి తీసుకోవాలి. వైకల్యం అన్న మాట ఎక్కడా రాకపోవడమే ఈ ప్రశ్నల బలం. సర్వేయర్లకి ఇది పదేపదే చెప్పాలి, లేకపోతే ‘ఇవి వికలాంగుల ప్రశ్నలండీ’ అని పరిచయం చేసి మొత్తం పాడుచేస్తారు. మనిషిని పైనుంచి కిందికి చూసి, అడక్కుండానే ‘ఇబ్బందేమీ లేదు’ అని టిక్ పెట్టడం ఇంకో జబ్బు.

ఈ ఆరు ప్రశ్నలు అన్నీ పట్టుకోలేవు. ఆందోళన, కుంగుబాటు లాంటివి జారిపోతాయి. వాటి కోసం అదే బృందం తయారుచేసిన 12 ప్రశ్నల మెరుగుపరిచిన చిన్న ప్రశ్నావళి ఉంది. పిల్లలకి పెద్దల ప్రశ్నలు పెట్టకూడదు. యూనిసెఫ్‌తో కలిసి తెచ్చిన పిల్లల ప్రశ్నావళి 2 నుంచి 17 ఏళ్ళవాళ్ళకి పనికొస్తుంది, అందులో 2–4 ఏళ్ళకి ఒకటి, 5–17 ఏళ్ళకి ఒకటి. ఇంకో మాట, ఇవి జనాభా లెక్క కోసం పెట్టిన ప్రశ్నలు. ఎవరికి ఏ వైద్యం కావాలో, ఎవరు పింఛనుకి అర్హులో వీటితో తేల్చకూడదు.

అంకెలు చేతికొచ్చాక ఏం చేయాలో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక ఉపాధి శిక్షణలో 2,000 మంది చేరారనుకుందాం. వాళ్ళలో 80 మందికి ‘చాలా ఇబ్బంది’ లేదా అంతకు మించి ఉంది, అంటే 4 శాతం. ఇప్పుడు ఈ 4 శాతాన్ని ప్రపంచ సగటు 16తో పోల్చి ‘నాలుగో వంతే’ అని రాసేయకండి. ఆ 16 వేరే పద్ధతిలో, వేరే వయసుల మీద కట్టిన అంకె. అదే ప్రాంతంలో, అదే వయసువాళ్ళలో, ఇవే ప్రశ్నలతో వచ్చిన శాతం కావాలి. అది 9 అనుకుందాం. అప్పుడు 180 మంది ఉండాల్సిన చోట 80 మందే ఉన్నారు. ఆ కనిపించని 100 మందిని వెతకడమే మీ క్షేత్రపర్యటన.

ఇక్కడితో ఆగకండి. ఆ 80 మందిని విడదీయండి. 62 మందికి నడకలోనే ఇబ్బంది, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్ళు ఇద్దరే, గుర్తుపెట్టుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు అని తేలిందనుకోండి, ఈ కార్యక్రమం ఒక రకం వైకల్యానికి మాత్రమే తలుపు తెరిచిందన్నమాట. ఆడ, మగ, వయసు కూడా విడదీయాలి. తర్వాత ముగింపు చూడండి. మిగతా 1,920 మందిలో 1,536 మంది శిక్షణ పూర్తి చేస్తే అది 80 శాతం. వికలాంగుల్లో 80కి 36 మందే పూర్తి చేస్తే అది 45 శాతం. చేరిన సంఖ్య ఒక్కటే రాసి ఊరుకుంటే ఈ తేడా ఎప్పటికీ బయటికి రాదు. నా అనుభవంలో చేరిక లెక్క రాసినంత ఇష్టంగా మధ్యలో మానేసినవాళ్ళ లెక్క ఎవరూ రాయరు. అది ఇవ్వలేదంటే గట్టిగా అడగండి.

5. ఆ దారిలో మీరే నడవండి, వాళ్ళతో కలిసి

చెక్‌లిస్టు పట్టుకుని భవనం చుట్టూ తిరిగితే సగమే తెలుస్తుంది. ఇంటి దగ్గర మొదలుపెట్టి సేవ అందే కౌంటర్ దాకా, మళ్ళీ ఇంటిదాకా, ఆ సేవ వాడుకోవాల్సిన మనిషితో కలిసి వెళ్ళండి. నాలుగు దశలుగా చూడండి: అక్కడికి చేరుకోగలరా, లోపలికి వెళ్ళగలరా, లోపల తిరగగలరా, అక్కడున్నవాటిని వాడుకోగలరా.

ఒకసారి వీల్‌చైర్ వాడే ఒకావిడతో ఒక సేవా కేంద్రానికి వెళ్ళాను. వయసులో నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. ప్రాజెక్టు నివేదికలో ‘ర్యాంపు: ఉంది’ అని టిక్ ఉంది. నిజంగానే ఉంది, బాగానే కట్టారు కూడా. కానీ ర్యాంపుకి వెళ్ళే పక్కగేటుకి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకి వెళ్ళాడు. నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాం. మెట్ల మీదుగా జనం వచ్చి పని ముగించుకుని వెళ్ళిపోతున్నారు. నాకు కోపం వచ్చింది, అక్క మాత్రం మామూలుగా ఉంది. ‘వచ్చిన మూడుసార్లూ ఇంతే తమ్ముడూ. అందుకే పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా వస్తాను’ అంది. ఆ రెండో మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. లోపలికి వెళ్ళాక టాయిలెట్ చూశాను. వీల్‌చైర్ లోపలికి పడుతుంది, కానీ తలుపు లోపలికే తెరుచుకుంటుంది, వీల్‌చైర్ లోపలుండగా మూయడానికి చోటు లేదు. చెక్‌లిస్టులో దాని ఎదుట కూడా టిక్కే ఉంది.

కొలతలు కొలవాల్సిందే, టేపు మీతో ఉండాలి. ర్యాంపు వాలుకి ఎక్కువగా వాడే కొలత 1:12, అంటే 45 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కాలంటే కనీసం 5.4 మీటర్ల పొడవు. తలుపు తెరిచాక దారి కనీసం 80 సెంటీమీటర్లు, వీల్‌చైర్ తిప్పుకోవడానికి సుమారు 150 సెంటీమీటర్ల చోటు. వీటితో పాటు తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా రాసుకోండి.

భవనం ఒక్కటే అడ్డంకి కాదు. కార్యక్రమం గురించి ప్రకటన ఎలా ఇచ్చారు? మైకులో చెబితే బధిరులకి తెలియదు, గోడ మీద కాగితం అంటిస్తే చూపులేనివాళ్ళకి తెలియదు. దరఖాస్తు ఫోన్ యాప్‌లో పెట్టాలా? అయితే ఆ ఫోన్‌లో తెర చదివే సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి, చూపులేని వ్యక్తి చేత పూర్తిగా నింపించి చూడండి. చాలాసార్లు ఫొటో అప్‌లోడ్ దగ్గరో, బొమ్మలో అక్షరాలు గుర్తుపట్టమనే దగ్గరో ఆగిపోతుంది. సిబ్బంది ఎవరితో మాట్లాడుతున్నారో కూడా గమనించండి. వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని వదిలేసి, వెనక నిలబడ్డవాళ్ళని ‘ఈవిడకి ఏం కావాలట?’ అని అడుగుతుంటే, అది కూడా మూసిన గేటే. రాసుకోండి.

6. మనిషితో మాట్లాడండి, పక్కనున్నవాళ్ళతో కాదు

కుట్టుపని శిక్షణకి వెళ్ళిన ఒక బధిర యువతి ఇంటికి వెళ్ళాను. అనువాదకురాలు ఆ రోజు రాలేకపోయింది, సరే వచ్చాం కదా అని కూర్చున్నాను. ‘శిక్షణ ఎలా ఉందండీ?’ అంటే అత్తగారు ‘బాగుందట’ అన్నారు. ఆ అమ్మాయి వైపు తిరిగి చూడను కూడా లేదు. మూడు ప్రశ్నలకీ మూడు ‘బాగుందట’లు. సిగ్గేసింది, లేచి వచ్చేశాను. తర్వాతి వారం అనువాదకురాలితో వెళితే గంటన్నర మాట్లాడిందా అమ్మాయి. టీచరమ్మ బోర్డు వైపు తిరిగి చెబుతుందట, పెదాలు కనిపించవు. పదకొండు రోజులు పక్కమ్మాయి పుస్తకంలోంచి బొమ్మలు గీసుకుంది. పన్నెండో రోజు ఆ పక్కమ్మాయి రాలేదు, తనూ మానేసింది. ఫైల్లో రాసిన కారణం ‘ఆసక్తి లేదు’.

కాబట్టి, అనువాదకులు లేకపోతే ఇంటర్వ్యూ వాయిదా వేయండి. సైగల భాషలు ప్రాంతానికో రకంగా ఉంటాయి. బడికి వెళ్ళనివాళ్ళకి ఇంట్లో పుట్టిన సైగలే వచ్చి ఉండొచ్చు, అలాంటప్పుడు అనువాదకుడితో పాటు అనుభవమున్న బధిరులు ఒకరు తోడుంటే మాట కలుస్తుంది. మీరు మాత్రం అనువాదకుడిని కాకుండా ఆ మనిషినే చూస్తూ మాట్లాడాలి.

మేధో వైకల్యం ఉన్నవాళ్ళతో చిన్న వాక్యాలు, ఒక్కోసారి ఒక్కటే ప్రశ్న. ‘బాగుందా?’ అంటే చాలామంది మీ మనసు నొప్పించడం ఇష్టం లేక అవునంటారు. దాని బదులు ‘అక్కడ పొద్దున వెళ్ళగానే ఏం చేస్తారు? తర్వాత?’ అని అడగండి, ఫొటోలు చూపించి ఇష్టమైనవి, ఇష్టం లేనివి వేరు చేయమనండి. తోడు కావాలంటే ఎవరు కావాలో వాళ్ళే ఎంచుకోవాలి. సమ్మతి అమ్మానాన్నల దగ్గర తీసుకుని సరిపెట్టకండి, ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పి ఆ మనిషినే అడగండి, వద్దంటే ఆగిపోండి. మానసిక వైకల్యం ఉన్నవాళ్ళని జబ్బు పేరు అడగాల్సిన పని లేదు. ఏం కష్టమవుతోంది, ఏం ఉంటే సులువయ్యేది అన్నది చాలు.

ఇంట్లోవాళ్ళతో విడిగా మాట్లాడండి, అది కూడా విలువైనదే. కానీ రెండు మాటల్నీ ఒకే కుప్పలో పోయకండి. ఎవరు చెప్పారో ప్రతి జవాబు పక్కన గుర్తు పెట్టండి. ‘వికలాంగులు తృప్తిగా ఉన్నారు’ అన్న వాక్యం వెనక ఉన్నవన్నీ అమ్మల, అత్తల జవాబులే అయితే పాఠకుడికి అది తెలియాలి.

ఇక రానివాళ్ళని ఎలా వెతకాలి? వచ్చినవాళ్ళని ‘మీకు తెలిసి ఇంకెవరు రావాల్సింది?’ అని అడగండి. సంఘాలని, బడి టీచర్లని, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలని అడగండి. పేర్లు మీకు ఇచ్చే ముందు వాళ్ళు ఆ కుటుంబం అనుమతి తీసుకోవాలి. కనిపెట్టిన పదిమందితో మాట్లాడినా, లబ్ధిదారులైన వందమంది చెప్పనిది తెలుస్తుంది. ఏ మాటతో పిలవాలన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు, ఒక్కొక్కరికి ఒక్కోటి నచ్చుతుంది, ఒక్కోటి గుచ్చుకుంటుంది. అడిగి, వాళ్ళు చెప్పిన మాట వాడండి.

7. తీర్పు ఎలా చెప్పాలి

నేను నాలుగు మెట్లుగా చూస్తాను. మొదటిది, లెక్కలో ఉన్నారు. రెండోది, రాగలిగారు, వాడుకోగలిగారు. మూడోది, మిగతావాళ్ళకి దక్కిన ఫలితమే వాళ్ళకీ దక్కింది: ఆదాయం, చదువు, ఆరోగ్యం, ఆ కార్యక్రమం ఏది ఇస్తానందో అది. నాలుగోది, కార్యక్రమం ఎలా నడవాలో చెప్పే చోట వాళ్ళున్నారు, వాళ్ళు చెప్పినందువల్ల ఏదో ఒకటి నిజంగా మారింది. చివరిదానికి సాక్ష్యం తేలికే. ‘వికలాంగ సభ్యుడు చెప్పినందువల్ల మారిన ఒక నిర్ణయం చూపించండి’ అని కమిటీని అడిగి, మినిట్స్ పుస్తకం తెరిపించండి. చాలాచోట్ల సంతకం దొరుకుతుంది, మాట దొరకదు.

ప్రతి మెట్టు మీదా వైకల్యం రకాన్ని బట్టి, ఆడ మగని బట్టి తీర్పు వేరుగా ఉండొచ్చు. అన్నీ కలిపి ఒకే మార్కు వేయకండి. సాక్ష్యం చాలని చోట ‘తెలియలేదు’ అని రాయడానికి మొహమాటపడకండి. మేధో వైకల్యం ఉన్నవాళ్ళ గురించి తెలియలేదు అన్నది కూడా కార్యక్రమానికి గట్టి హెచ్చరికే.

చెడు జరిగిందేమో కూడా చూడాలి, దాన్ని ఎవరూ అడగరు కాబట్టి. వికలాంగులకి విడిగా బ్యాచ్ పెట్టి, అందరితో కలిసి కూర్చునే అవకాశం పోగొట్టారా? చిన్న ఆదాయం మొదలవగానే వాళ్ళకొచ్చే పింఛను ఆగిపోయిందా? తోడు వెళ్ళడం కోసం అక్కో, కూతురో తన పనో చదువో మానుకుందా? అలా మానుకున్నది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళే. ఆ నష్టాన్ని కూడా ఫలితాల పక్కనే పెట్టండి.

8. నివేదిక, ఆ తర్వాత

చిన్న ఊళ్ళో బధిర మహిళ ఒక్కరే ఉంటే, పేరు తీసేసి ‘బధిర మహిళ, 30 ఏళ్ళు’ అని రాసినా ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఆమె చెప్పింది అత్తింటివాళ్ళ గురించో, టీచర్ గురించో అయితే ఇబ్బంది పడేది ఆమే. చిన్న సంఖ్యల్ని కలిపేయండి, వివరాలు మార్చకుండా తగ్గించండి, అవసరమైతే ఆ మాటని వదిలేయండి.

నివేదిక దాతలకి పంపి ఊరుకోకండి. దాని సారాన్ని సులభ భాషలో, ఆడియోగా, సైగల భాష వీడియోగా చేయించి, మాట్లాడినవాళ్ళ ముందు పెట్టండి. ఇది మర్యాద కోసం చేసే సభ కాదు. ‘మేం చెప్పింది ఇది కాదు’ అనే హక్కు వాళ్ళకుంది, అన్నప్పుడు దిద్దడానికి నివేదిక ఇంకా తెరిచి ఉండాలి. అందుకే ఈ సభ తుది ప్రతికి ముందే జరగాలి.

సిఫారసులు రాసేటప్పుడు ‘అవగాహన పెంచాలి’, ‘చర్యలు తీసుకోవాలి’ లాంటివి వద్దు, వాటిని ఎవరూ తనిఖీ చేయలేరు. ఎవరు, ఏం, ఎప్పటిలోగా, ఎంత డబ్బుతో చేయాలో రాయండి. టీచరమ్మ బోర్డు వైపు కాక విద్యార్థుల వైపు తిరిగి చెప్పాలి, దానికి డబ్బు అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు. మూడు నెలల్లోగా టాయిలెట్ తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాలి. పక్కగేటు పనివేళల్లో తెరిచే ఉండాలి, బాధ్యత కేంద్రం ఇన్‌చార్జిది. ఆరు నెలల తర్వాత మళ్ళీ ఒక రోజు వెళ్ళేలా ఒప్పందంలోనే రాయించుకోండి. ఆ రోజు ముందు చెప్పకుండా, మొదటిసారి మీతో వచ్చిన మనిషితోనే వెళ్ళండి. నేను అక్కతో మళ్ళీ వెళ్ళినప్పుడు గేటు తెరిచే ఉంది. టాయిలెట్ తలుపు ఇంకా లోపలికే తెరుచుకుంటోంది. రెండూ రాశాను.